బాబిన్ అమర్చే పద్ధతి, కుట్టు చెడినప్పుడు చూడవలసిన చోట్లు

కుట్టు చెడగానే చాలామంది చెయ్యి తిన్నగా బాబిన్ కేసు, అంటే అడుగు దారం చుట్టిన చిన్న చక్రాన్ని (బాబిన్‌ను) పట్టి ఉంచే డబ్బా, మీదున్న చిన్న స్క్రూ మీదికి పోతుంది. బట్ట అడుగున దారం ఉండలు కట్టింది కాబట్టి తప్పు అడుగు దారానిదేనని అనుకోవడం సహజమే. అయితే ఆ ఉండలకు కారణం దాదాపు ఎప్పుడూ పై దారమే అవుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక నేను మిషను నేర్చుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నమంతా ఆ స్క్రూను అటూ ఇటూ తిప్పుతూ గడిపాను. చివరికి స్క్రూ ఊడి నేల మీద ఎక్కడో పడింది, అయస్కాంతం పెట్టి వెతికితేగాని దొరకలేదు. దాన్ని బిగించి, పై దారం తీసి మళ్ళీ ఎక్కించగానే కుట్టు చక్కగా పడింది. అందుకే ఈ మార్గదర్శిలో స్క్రూ ప్రస్తావనను కావాలనే చివరి దాకా వాయిదా వేశాను.

కుట్టు ఎలా పడుతుంది

ఇళ్ళలో వాడే మామూలు మిషను వేసేది లాక్‌స్టిచ్ కుట్టు. ఎలియాస్ హౌ 1846లో అమెరికాలో పేటెంట్ పొందిన యంత్రం కూడా, మొన దగ్గర కన్ను ఉన్న సూదితోను, అడుగు దారాన్ని మోస్తూ అటూ ఇటూ ఆడే షటిల్‌తోను ఈ కుట్టునే వేసేది. కుట్ల రకాలకు అంకెలిచ్చే ఐఎస్‌ఓ 4915 ప్రమాణంలో దీని అంకె 301.

పని జరిగే తీరు ఇది. సూది బట్టను పొడుచుకుని అట్టడుగుకు దిగి, అక్కడి నుంచి సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, బట్ట రాపిడికి ఆగిపోయిన దారం సూది పక్కన చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కింద తిరుగుతున్న కొక్కెం మొన వచ్చి ఉచ్చులో దూరి, దాన్ని సాగదీసి, బాబిన్ ఉన్న కేసు చుట్టూ పూర్తిగా తిప్పి అవతలికి వదిలేస్తుంది. వెంటనే పైనున్న టేకప్ లివర్ మిగులు దారాన్ని గుంజుకుంటుంది. అప్పుడు రెండు దారాలూ బట్ట మందం మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ప్రతి కుట్టుకూ పై దారం బాబిన్ కేసును చుట్టి రావాలంటే, ఆ కేసు మిషనులో ఎక్కడా గట్టిగా బిగించి ఉండకూడదు. కేసు తనంతట తాను తిరిగిపోకుండా దాని ముక్కు ఒక గాడిలో ఆనుకుని ఉంటుంది. ఆ ముక్కుకూ గాడికీ మధ్యనున్న సందులోంచే దారం జారుకుని పోతుంది. కేసును వేలితో తాకితే కొద్దిగా కదులుతున్నట్లుంటే అది వదులైందని కంగారు పడనక్కరలేదు, అది ఉండవలసిన తీరే అది.

సరైన బాబిన్

చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా బాబిన్లలో రకాలున్నాయి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే క్లాస్ 15 బాబిన్ అడ్డకొలత సుమారు 20 మిల్లీమీటర్లు, ఎత్తు 11 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, దాని పక్కలు చదునుగా ఉంటాయి. ఎల్ రకానిది అడ్డకొలతలో దాదాపు అంతే ఉన్నా ఎత్తు 9 మిల్లీమీటర్లకు మించదు. క్లాస్ 66 బాబిన్ పక్కలు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. ఎల్ బాబిన్ తీసుకెళ్ళి క్లాస్ 15 కేసులో వేస్తే చక్కగా కూర్చున్నట్లే అనిపిస్తుంది కానీ, లోపల పైకీ కిందికీ ఆడుతూ టకటకమని చప్పుడు చేస్తుంది, కుట్టు ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా పడుతుంది. మిషనుతో వచ్చిన బాబిన్‌ను నమూనాగా ఒకటి భద్రపరచుకుని, కొత్తవి కొనేటప్పుడు పక్కన పెట్టి ఎత్తు సరిచూసుకోవడం అన్నిటికంటే తేలిక.

లోహపు బాబిన్ గట్టిదన్న నమ్మకంతో ప్లాస్టిక్ బాబిన్ కోసం తయారైన మిషనులో దాన్ని వేయడం కూడా పొరపాటే. బరువు తేడా వల్ల అది తిరిగే వేగం, ఆగే తీరు మారిపోతాయి. అంచు సొట్టపోయినవి, పగిలినవి, తుప్పు పట్టినవి దాచుకోకుండా పారవేయండి.

దారం చుట్టడం

సగం తగాదాలు పుట్టేది ఇక్కడే కాబట్టి ఈ పనికి కాస్త నిదానం అవసరం. ముందుగా బాబిన్ పూర్తిగా ఖాళీగా ఉండాలి. పాత దారం మీద కొత్త రంగు చుడితే అడుగు పొర ఎగుడుదిగుడుగా మారి, ఆ దారం దగ్గరికి వచ్చేసరికి కుట్టు బిగువు మారిపోతుంది.

చేతి చక్రం మధ్యనున్న బిళ్ళను వదులు చేయండి. కొన్ని మిషన్లలో బాబిన్ చుట్టే కడ్డీని పక్కకు నెట్టగానే సూది దానంతటదే ఆగిపోతుంది. రీలు నుంచి దారాన్ని తీసి, బాబిన్ చుట్టడానికి ప్రత్యేకంగా అమర్చిన, దారాన్ని బిగువుగా పట్టే చిన్న టెన్షన్ బిళ్ళల మధ్యగా పోనివ్వండి. ఈ బిళ్ళలను దాటవేసి దారాన్ని వేళ్ళతో పట్టుకుని చుట్టేవారు చాలామంది ఉన్నారు. అలా చుట్టిన బాబిన్‌ను బొటనవేలితో నొక్కి చూడండి, దూదిలా మెత్తగా అణుగుతుంది. సరిగ్గా చుట్టినది గట్టిగా, నున్నగా ఉంటుంది. మెత్తని బాబిన్‌లో పైపొర దారం లోపలి పొరల్లోకి దిగబడి, కుట్టే సమయంలో అక్కడ ఇరుక్కుని, ఉన్నట్టుండి తెగుతుంది.

దారం కొసను బాబిన్ పక్కనున్న చిన్న రంధ్రంలోంచి లోపలి నుంచి బయటికి తీసి, పైకి పట్టుకుని, కడ్డీ మీద బాబిన్‌ను కూర్చోబెట్టి, పది పదిహేను చుట్లు తిరగనివ్వండి. అక్కడ మిషను ఆపి, పట్టుకున్న కొసను రంధ్రం దగ్గరికంటా కత్తిరించండి. ఈ కొసను వదిలేస్తే అది కేసు లోపల చుట్టుకుని, పైకి కారణం కనిపించని చిక్కులు తెస్తుంది. ఆ తరువాత ఒకే వేగంతో, మరీ తొందర లేకుండా చుట్టండి. పాలియెస్టర్ దారాన్ని మహా వేగంగా చుడితే అది సాగి చుట్టుకుంటుంది. బట్టలోకి వెళ్ళాక మళ్ళీ కుదించుకుపోయి కుట్టు వెంట బట్టను ముడతలు పడేస్తుంది.

దారం అంచు దాకా నిండకూడదు. అంచుకు ఒక మిల్లీమీటరైనా లోపలే ఆగాలి. పొంగిన బాబిన్ కేసు గోడలకు రాసుకుంటుంది. దారం శంకువులా ఒకవైపే పోగుపడుతుంటే టెన్షన్ బిళ్ళల ఎత్తు బాబిన్ మధ్యభాగానికి సరిపోవడం లేదని అర్థం. ఆ బిళ్ళలను పట్టి ఉంచే స్క్రూను వదులు చేసి, దారం ఎక్కువగా చేరుతున్న వైపుకు ఎదురుగా కొద్దిగా జరిపితే సరిపోతుంది.

కడ్డీ తిరగకపోతే దాని పక్కనున్న రబ్బరు రింగును చూడండి. అది అరిగి నున్నబడినా, నూనె అంటినా చక్రం మీద పట్టు దొరకక జారుతుంది. నూనె అయితే పొడిగుడ్డతో తుడవాలి, అరిగితే మార్చాలి. చుట్టడం పూర్తయ్యాక చేతి చక్రం బిళ్ళను మళ్ళీ బిగించడం మరిచిపోతే మోటారు తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. ఆ స్థితిలో మిషను పాడైందని బెదిరిపోయినవారిని నేను చూశాను.

కేసులో వేసి మిషనులో అమర్చడం

ఈ పనికి ముందు మోటారు స్విచ్చి ఆపండి, తొక్కుడు మిషనైతే కాలు పూర్తిగా తీసేయండి. చేతి చక్రాన్ని మీ వైపుకే తిప్పుతూ సూదిని పూర్తిగా పైకి తీసుకురండి.

విడిగా బయటికి వచ్చే కేసు ఉన్న మిషన్లలో కేసును ఎడమచేత, బాబిన్‌ను కుడిచేత పట్టుకోవాలి. చాలా మిషన్లలో బాబిన్‌ను ఎదురుగా చూస్తే దారం గడియారపు ముల్లు తిరిగే దిశలో విడివడేటట్లు పట్టుకుని లోపల వేయాలి. కేసు అంచులో సన్నని చీలిక ఉంటుంది. దారాన్ని ఆ చీలికలోకి దించి, పలుచని ఉక్కు రేకులాంటి స్ప్రింగు కిందుగా లాగుతూ, దాని చివరనున్న చిన్న సందులోకి తీసుకురావాలి. దారం సరైన చోటికి చేరినప్పుడు చిన్నగా టిక్కుమన్నట్లు చేతికి తెలుస్తుంది. ఆ స్పర్శ అలవాటైతే కళ్ళు మూసుకుని కూడా చెప్పవచ్చు. కొసను మెల్లగా లాగి చూస్తే సాలీడు దారం మీద వేలు నడిపినంత సన్నని ఎదురుపట్టు తగలాలి. దారం ఎదురుపట్టు లేకుండా జరజరా వచ్చేస్తే అది స్ప్రింగు కిందికి చేరలేదన్నమాట, తీసి మళ్ళీ వేయండి. కొసను కనీసం 10 సెంటీమీటర్లు బయట వదలండి.

ఇక కేసు మీదున్న చిన్న తలుపులాంటి గడియను వేళ్ళతో తెరిచి పట్టుకోండి. అలా పట్టుకున్నంతసేపూ బాబిన్ జారిపడదు. కేసు ముక్కు పైకి ఉండేటట్లు చూసుకుని, మధ్యనున్న ఇరుసు మీదికి ఎక్కించి, ముక్కు పైనున్న గాడిలో కూర్చున్నాక గడియను వదిలి బొటనవేలితో లోపలికి నొక్కండి. టక్కున కూర్చున్న చప్పుడు వినబడాలి. ఈ చప్పుడు రాకుండా మిషను తొక్కితే, సగం కూర్చున్న కేసును సూది పొడిచి, సూదైనా విరుగుతుంది, కేసుకైనా గాటు పడుతుంది.

పైనుంచి బాబిన్ వేసే మిషన్లలో కేసు లోపలే ఉంటుంది. వీటిలో చాలావాటికి దారం గడియారానికి ఎదురు దిశలో విడివడాలి. బాబిన్‌ను వేసి, పైభాగాన్ని ఒక వేలితో మెల్లగా అదిమి పట్టుకుని, దారాన్ని ముందున్న గాడిలోకి, అక్కడి నుంచి పక్కనున్న గాడిలోకి లాగాలి. వేలితో అదమడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, అలా చేయకపోతే బాబిన్ తిరిగిపోయి దారం స్ప్రింగు కిందికి దిగదు. దిశ విషయంలో మీ మిషను పుస్తకంలోనో, మూత మీదో ఉన్న బొమ్మదే తుది మాట.

తరువాత అడుగు దారాన్ని పైకి తేవాలి. పై దారం కొసను ఎడమచేత్తో వదులుగా పట్టుకుని, చేతి చక్రాన్ని మీ వైపుకు ఒక పూర్తి చుట్టు తిప్పండి. సూది కిందికి దిగి పైకి వచ్చేటప్పుడు, సూది పలక రంధ్రంలోంచి అడుగు దారం చిన్న మెలికగా తల ఎత్తుతుంది. దాన్ని లాగి, రెండు కొసలనూ, బట్టను అదిమి పట్టే మిషను పాదం కిందుగా వెనక్కి 10 నుంచి 15 సెంటీమీటర్ల మేర పరచండి. మొదటి నాలుగు కుట్లు పడేదాకా వీటిని వేలితో పట్టుకోండి. పట్టుకోకపోతే కొసలు రంధ్రంలోకి జారిపోయి, మొదట్లోనే గూడు కడతాయి.

కుట్టు చెడినప్పుడు

రెండు రంగుల దారాలు తీసుకోండి. పైన ఎరుపు, కింద నీలం అనుకుందాం, రెండూ ఒకే రకం, ఒకే మందం దారాలై ఉండాలి. పనికిరాని బట్ట ముక్కను మడిచి రెండు పొరల మీద ఒక జానెడు కుట్టండి. తప్పు ఏ వైపుదో రంగులే చెబుతాయి.

బట్ట అడుగున ఎరుపు దారం వదులుగా మెలికలు తిరిగి, లేదా ఉండలు కట్టి ఉందంటే, పై దారాన్ని వెనక్కి గుంజే బలం చాలడం లేదు. పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే పైనున్న టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగకుండా పైపైనే పోతుంది. పాదం ఎత్తి, దారాన్ని పూర్తిగా తీసి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించి, పాదం దించాక సూది దగ్గర దారం లాగి చూడండి. సూది వంగేటంత ఎదురుపట్టు తగలాలి. టేకప్ లివర్ రంధ్రంలోంచి దారం తప్పిపోయినా ఇదే ఫలితం వస్తుంది, పైగా అప్పుడు గూడు మరీ పెద్దదిగా కడుతుంది. ఈ రకం తప్పులో బాబిన్‌ను ముట్టుకునే అవసరమే రాదు.

బట్ట పైవైపున నీలం చుక్కలు కనిపిస్తుంటే పై దారం మరీ బిగువుగానైనా ఉంది, లేదా అడుగు దారానికి పట్టు లేకనైనా పోయింది. ముందుగా కేసు తీసి దారం స్ప్రింగు కింద ఉందో లేదో చూడండి. ఉంటే పై టెన్షన్ అంకెను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ కుట్టి చూడండి. అప్పటికీ మారకపోతే స్ప్రింగు కింద పీచు చేరి ఉంటుంది. పీచు మందం కొద్దిదే అయినా రేకును పైకి లేపి ఉంచుతుంది. ఒక కాగితపు అంచును స్ప్రింగు కిందికి జొనిపి లాగితే, బూడిదరంగు పీచు చిన్న వత్తిలా బయటికి వస్తుంది. పిన్నీసుతో పొడవడం మంచిది కాదు, లోపల గీత పడితే ఆ తరువాత దారం ఆ గీతకు తట్టుకుని తెగుతూనే ఉంటుంది.

అడుగు దారం పదే పదే తెగుతుంటే చూడవలసినవి మూడు చోట్లున్నాయి: బాబిన్ అంచు దాకా నిండి ఉండడం, కేసు మీద దారం బయటికి వచ్చే చోటనున్న గాటు, సూది పలక రంధ్రం అంచున సూది తగిలి లేచిన పదును. గాట్లను పట్టుకోవడానికి కంటికంటే చేయి నయం. దూదిపోగును ఆ అంచుల వెంట నడిపితే గాటు ఉన్నచోట అది పట్టుకుంటుంది. చిన్న గాటును అతి నునుపైన ఎమరీ కాగితంతో సాఫు చేయవచ్చు, పెద్దదైతే ఆ భాగాన్నే మార్చాలి.

అడుగు దారం అసలు పైకి రాకపోయినా, కుట్లు మధ్యమధ్య తప్పుతున్నా ముందు సూదిని మార్చండి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఎక్కించవలసింది ఆ వైపు నుంచే, చదునైన వైపు కొక్కెం వైపుకు తిరిగి ఉండాలి. సూది తిరగబడినా, పూర్తిగా పైకి ఎక్కకుండా బిగించినా, కంటికి తెలియనంత వంగినా, కొక్కెం మొనకు ఉచ్చు అందదు. కొత్త సూది సరిగ్గా వేసినా లోపం పోకపోతే, సూది పలక తీసి చక్రాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి. సూది అడుగు నుంచి కొద్దిగా లేచే సమయానికి కొక్కెం మొన దాని కన్నుకు కాస్త పైగా, దాదాపు ఆనుకున్నట్లు దాటిపోవాలి. అలా కాక ముందుగానో ఆలస్యంగానో వస్తే టైమింగు తప్పింది. దాన్ని మెకానిక్కు వదిలేయడమే మేలు, అలవాటు లేని చేతితో చేస్తే ఒకటి సరిచేయబోయి మూడు చెడతాయి.

మిషను హఠాత్తుగా బిగుసుకుపోతే బలవంతంగా తొక్కవద్దు. కొక్కెం ఉండే షటిల్ తిరిగే దారిలో దారపు ముక్క చిక్కుకుని ఉంటుంది. విడి కేసు ఉన్న మిషన్లలో కేసు తీశాక, రెండు పక్కలా ఉన్న గడియలను తెరిస్తే రింగులాంటి మూత, దాని వెనక నెలవంక ఆకారపు షటిల్ బయటికి వస్తాయి. ఇవి ఏ వరసలో, ఏ వైపుకు తిరిగి వచ్చాయో ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. కుంచెతో పీచు ఊడ్చి, చిక్కిన దారం తీసి, షటిల్ రాసుకునే అంచు మీద మిషన్ ఆయిల్ ఒకే ఒక్క చుక్క వేయండి. నోటితో ఊదితే తేమ చేరి తుప్పుకు దారితీస్తుంది. పైనుంచి బాబిన్ వేసే ప్లాస్టిక్ కేసుల్లో మాత్రం, పుస్తకం చెప్పనిదే నూనె వేయవద్దు.

చివరగా ఆ స్క్రూ

పైన చెప్పినవన్నీ సరిచూశాక, లేదా మామూలుకంటే బాగా మందమైన దారం వాడవలసి వచ్చినప్పుడు మాత్రమే స్ప్రింగు మీది స్క్రూను ముట్టుకోవాలి. ముందుగా కేసులో బాబిన్ వేసి, బయటికి వచ్చిన దారం కొసను పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. అది కదలకుండా నిలవాలి. మణికట్టును చిన్నగా ఎగరేస్తే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. వదలగానే నేల దాకా జారిపోతే వదులు, ఎగరేసినా దిగకపోతే బిగువు. బరువు మారితే ఫలితం మారుతుంది కాబట్టి నిండు బాబిన్‌తోనే ఈ పరీక్ష చేయాలి.

స్క్రూ తలమీది గీత ఇప్పుడు ఏ దిశలో ఉందో సన్నని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. కింద తెల్లని గుడ్డ పరచండి. గీతను గడియారపు ముల్లు అనుకుంటే ఒక్కసారికి అయిదు నిమిషాలంత మాత్రమే తిప్పాలి. కుడివైపు తిప్పితే బిగుస్తుంది, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. స్ప్రింగు మీద రెండు స్క్రూలుంటే సాధారణంగా మధ్యలో ఉన్నది టెన్షన్‌ది, చివరనున్నది స్ప్రింగును కేసుకు పట్టి ఉంచేది, రెండోదాన్ని కదపవద్దు.

తిప్పిన ప్రతిసారీ ఆ రెండు రంగుల దారాలతోనే బట్టకు ఏటవాలుగా, అంటే నేత పోగులకు మూలవాటున, ఒక కుట్టు వేసి, ముక్కను రెండు చివరలా పట్టుకుని దారం తెగేదాకా గట్టిగా లాగండి. ఎరుపు ఒక్కటే తెగితే పై దారం బిగువు ఎక్కువ, నీలం ఒక్కటే తెగితే అడుగు దారానిది ఎక్కువ. రెండూ ఒకేసారి పటుక్కున తెగినచోట స్క్రూను వదిలేసి, కొత్త గుర్తు పెట్టుకోండి.

మందపు దారంతో తరచు పని ఉన్నవారు దాని కోసం రెండో కేసు ఒకటి విడిగా ఉంచుకుని, దాని మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంటే, రోజూ వాడే కేసు స్క్రూను ఇక తిప్పవలసిన పని ఉండదు.